ఒరిగిన మహాశరభం

వేలాపురి రాజ్యానికి మిగిలిన ఒకే ఒక యుద్ధనౌక మహాశరభం. దాన్ని చూస్తే శత్రువుకైనా ఒక్క క్షణం కన్ను నిలుస్తుంది. అడుగుదూలం పొడవునా ఒకే టేకుమాను. దాని మీద నిలిపిన పక్కటెముకలకు తగిన వంపుల కోసం వడ్రంగులు అడవులన్నీ గాలించి, పుట్టుకతోనే వంకర తిరిగిన తుమ్మమానులను ఏరి తెచ్చారు. పలకకూ పలకకూ మధ్య సందుల్లో గుగ్గిలంలో ముంచిన కొబ్బరినార కూరి, పైన సున్నమూ నూనె కలిపి నూరిన పూత దట్టంగా పట్టించారు. పొన్నమాను చెక్కి నిలబెట్టిన మూడు కొయ్యల మీద తెరచాపలు గాలి పోసుకుని ఉబ్బితే, ఓడ ముక్కున చెక్కిన శరభం నిజంగానే కెరటాల మీదికి దూకుతున్నట్టు ఉంటుంది. రెండు పక్కలా ఫిరంగులు, వాటి కంతలకు ఎర్రరంగు వేసిన మూతలు. ఇంత సొగసైన వస్తువును చంపడానికి వాడడం మనుషులకే చెల్లింది.

ఆ సొగసు చూసుకునే తీరిక మాత్రం ఆ మధ్యాహ్నం ఓడ మీద ఎవరికీ లేదు. మాంత్రికుడు ధూమజటుడు మహారాజు ధర్మకేతువును ఎత్తుకుపోయి పొగదీవి కోటలో చెరపెట్టాడు. అమావాస్య నాడు బలి ఇస్తానని చాటింపు వేయించాడు. ఆ కోట గోడను పగలగొట్టగల ఫిరంగులు మహాశరభం మీద తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేవు. ఓడ మునిగితే మహారాజు బతకడు. ఆయన కొడుకు కేతనుడికి ఆ సంగతి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

యువరాజు కేతనుడు అప్పుడు ఓడ అడుగున, మోకాలిలోతు మురికినీళ్లలో నిలబడి తోలు బొక్కెనతో నీళ్లు తోడుతున్నాడు. ఒంటిమీద రవ్వంత బంగారం ఉన్న రాజవంశీకుడు ఏ మూల నక్కినా ధూమజటుడి అంజనంలో కనిపిస్తాడు. అందుకని కేతనుడు ఉంగరాలూ, చెవిపోగులూ, మొలతాడూ అన్నీ ఊడదీసి, పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, కేతిగాడన్న పేరుతో కళాసీల్లో కలిసిపోయాడు. ఈ నిజం తెలిసినవాళ్లు ఓడ మీద ఇద్దరే. ఒకరు నౌకానాయకుడు కుంభీరవర్మ, రెండోవాడు ఓడను కట్టిన ముసలి పెదవడ్రంగి సింగోజు. కుంభీరవర్మకు ఈ వేషం మహా సరదాగా ఉంది. రాజకుటుంబం ముందు వంగి వంగి నడుము పట్టేసిన మనిషి, ఇప్పుడు నలుగురిలో "ఒరే కేతిగా" అని పిలిచి మరీ తాళ్లు లాగిస్తున్నాడు.

ఆ సరదా కూడా పొద్దుటి నుంచి అడుగంటిపోయింది. ఓడ వెనక ధూమజటుడి తెడ్ల ఓడలు మూడు, నల్లగా, వరసగా వస్తున్నాయి. దగ్గరికి రావు, వెనక్కి పోవు. ఫిరంగి గుండు అందని దూరంలో తెడ్లు తాపీగా ఆడిస్తూ వెంటాడుతున్నాయి.

"కొట్టీవోడు కొట్టాల, పారిపోయీవోడు పారిపోవాల," అన్నాడు కుంభీరవర్మ గడ్డం పీక్కుంటూ. "ఈళ్లేటి, పెళ్లి ఊరేగింపులాగ ఎనకాల వస్తన్నారు?"

దానికి జవాబు కేతనుడికి ఓడ అడుగున దొరికింది. ఎంత తోడినా నీరు తగ్గడం లేదు సరికదా, మోకాలి చిప్ప దాటి పైకి పాకింది. ఊపిరి తీసుకోవడానికని ఓడ పక్కకు తల ఆనించి నిలబడ్డాడు. లోపల ఏదో కరకరలాడుతోంది. చెక్క సందుల్లోంచి కాదు, చెక్కలోంచే. బొటనవేలితో నొక్కి చూశాడు. టేకుపలక జంతికలాగా పొడి అయి, వేలు సగం దాకా లోపలికి దిగిపోయింది.

కబురందుకుని సింగోజు పరుగున వచ్చాడు. ఉలితో పలకను గీరి, వేలెడు పొడవున్న తెల్లటి పురుగును బయటికి లాగాడు. దాని తల మీద రెండు గిన్నెపెంకుల్లాంటి పళ్లు. అరచేతిలో పెట్టినా అది తినడం ఆపలేదు, చేతినే కొరకబోయింది.

"ఓడపురుగు బాబూ," అన్నాడు సింగోజు. "మామూల్ది అయితే ఈ ఓడని తినడానికి దాని మనవలూ మునిమనవలూ కావాల. ఇది పొద్దుట్నుంచి తినీసింది. సున్నప్పూత కూడా నాకీసింది. మంతరించి ఒగ్గిన పురుగిది."

పొద్దుటి సంగతి ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. వేలాపురి కళాసీలకు ఒక కట్టుబాటు ఉంది. సముద్రం మీద జాలరుల వలలను తేల్చే బుర్రలు కనిపిస్తే, ఎంత తొందరలో ఉన్నా తెరచాప దించి, బుర్రల మధ్య దారి చూసుకుంటూ మెల్లగా పోవాలి. వల తెంచిన ఓడకు గాలి సాయం రాదని వాళ్ల నమ్మకం. యుద్ధనౌక అయినా, రాజుగారే ఎక్కినా అంతే. తెల్లవారుతుండగా ఎదురుగా సొరకాయ బుర్రల గుంపు కనిపించింది. మహాశరభం మర్యాదగా తెరచాప దించి వాటి మధ్య నుంచి నత్తనడక నడిచింది. బుర్రలు ఓడ పక్కలకు తగిలి పగిలాయి. లోపలి నుంచి తెల్లటి నురుగు జారితే, ఎర కుళ్లిందనుకుని అందరూ ముక్కు మూసుకున్నారు. కింద వలే లేదన్న మాట ఎవరికీ తోచలేదు. ఇంకో రాజ్యపు ఓడ అయితే ఆ బుర్రలను చూసీ చూడనట్టు దూసుకుపోయేది, బతికిపోయేది. ధూమజటుడు వేలాపురి వాళ్ల మంచితనాన్ని చూసే మాటు వేశాడు.

ఆ వేళ పైకొయ్య మీద కూర్చుని "బుర్రలున్నాయి, తెరచాప దించండి" అని కేక వేసింది కేతనుడే. ఆ మాట గుర్తొచ్చి అతని చెవులు వేడెక్కాయి.

"తాతా, దీనికి మందేమిటి?" అన్నాడు.

"మంచినీళ్లు. ఉప్పులో పుట్టినదానికి మంచినీళ్లే విషం. అందుకే గదా ఏడాదికోసారి ఓడల్ని ఏట్లోకి ఎక్కిస్తాం."

ఏరు దూరంలో లేదు. ఎడమవైపు తీరం వెంట తెల్లగా నురగలు కక్కుతూ కపిలేరు మొగ కనిపిస్తూనే ఉంది. ఏటినీరు సముద్రంలో కలిసే ఆ మొగకు అడ్డంగా, నీళ్ల కింద గోడలాగా ఇసుకమేట పడి ఉంది. జాలరి పడవలు దాని మీదుగా ఆడుతూ పాడుతూ పోతాయి. పెద్ద ఓడ పోవాలంటే సరుకంతా దించుకుని, ఖాళీ కడుపుతో పోవాలి.

ఏట్లోకి పోదామన్న మాట వినగానే కుంభీరవర్మ ఇద్దరినీ తన గదిలోకి లాగి తలుపు వేశాడు. తలుపు పడగానే 'ఒరే కేతిగా' పోయి 'ప్రభూ' వచ్చింది.

"ప్రభూ, అయ్యే పని చెప్పండి. పోటు నిండినా మొగ మీద మన ఓడకి అర బార నీరు తక్కువ. మేట మీద కూలబడతాం. ఎనకున్నోళ్లు వచ్చి కోడిని పట్టినట్టు పట్టుకుపోతారు."

"ఒరగబెడదాం," అన్నాడు కేతనుడు.

"ఏటి ఒరగబెట్టేది?"

"ఓడని. కుడిపక్క ఫిరంగులన్నీ ఎడమపక్కకు లాగుదాం. గుండ్లూ, నీళ్ల పీపాలూ, మనుషులూ అందరం ఎడమపక్కకే. ఓడ ఒక పక్కకు పడుకుంటే అడుగుదూలం పైకి లేస్తుంది. తాతా, అర బార లేస్తుందా?"

సింగోజు కళ్లు మూసుకుని వేళ్లతో గాలిలో ఓడ ఆకారం గీసుకున్నాడు. తన చేత్తో కట్టినదాన్ని ఆయన కళ్లు తెరిచి చూడనక్కర్లేదు. "లేస్తాది. ఎడమపక్క ఫిరంగి కంతలు నీళ్లలోకి దిగిపోతాయి. మూత ఒక్కటి ఊడినా ఓడ గుటక్కుమంటాది."

"విన్నారా?" అన్నాడు కుంభీరవర్మ. "అలల్లో ఓడని ఒరగబెట్టడం నా జన్మలో చూడలేదు. ఒక్క పెద్ద కెరటం చాలు, బోర్లా పడిపోడానికి."

"బోర్లా పడితే ఇప్పుడు పోతాం. ఇలాగే నడిస్తే పొద్దుగూకే లోపల పోతాం. నాన్నగారు మాత్రం రెండు దారుల్లోనూ పోతారు. మీరు మూడో దారి చెప్పండి, అలాగే చేస్తాను."

కుంభీరవర్మ తలుపు గొళ్లెం మీద చేయి వేశాడు. "ఇది కేతిగాడి మాటా, యువరాజుగారి ఆజ్ఞా?"

"మీరు ఏది వింటారో అది."

నాయకుడు తలుపు తెరిచి, ఓడంతా దద్దరిల్లేలాగా కేక వేశాడు. "చుక్కాని ఎడమకి. మొగలోకి పోతన్నాం. ఒరే కేతిగా, నిలబడి సూస్తావేటి, ఫిరంగి తాళ్లు పట్టు."

ఓడ మీద గందరగోళం మొదలైంది. ముందు ఎడమపక్క ఫిరంగి మూతలన్నీ బిగించి, అంచుల్లో కొవ్వు పట్టించిన నార కూరి, అడ్డకర్రలు దిగ్గొట్టారు. అంటే ఇక ఫిరంగి పేల్చే మాట లేదు, వెనక శత్రువు ఏం చేసినా చూస్తూ ఊరుకోవాల్సిందే. తరవాత కుడిపక్క ఫిరంగులను ఒక్కొక్కటిగా తాళ్లు కట్టి ఎడమకు లాగడం మొదలుపెట్టారు. ఫిరంగుల మేస్త్రి దాలయ్య బక్కపలచని మనిషి, గొంతు మాత్రం ఫిరంగిదే. "వదలకండ్రా, పెళ్లాన్ని అత్తారింటికి దింపినట్టు మెల్లగా దింపండ్రా" అంటూ వాళ్ల వెంట తిరుగుతున్నాడు.

నాలుగు ఫిరంగులు దాటేసరికి ఓడ ఒరగడం తెలిసింది. ఏడు దాటేసరికి నేల కొండవాలు అయింది. వంటశాలలో కుండలు దొర్లిపోయాయి. తెరచాప కొయ్యలు నీటి మీదికి వాలి, తాళ్లన్నీ మూలిగాయి. నిలబడడానికి జనం తాళ్లు పట్టుకుని వేలాడుతున్నారు.

ఆఖరి ఫిరంగి తాడు అప్పుడే తెగింది.

ఏనుగు పిల్లంత బరువు వాలు మీద దడదడమని దిగింది. దాని దారిలో ఉన్న ఇద్దరు కళాసీలు పక్కకు దూకారు. కింద, సరిగ్గా దాని ఎదురుగా, ఒక ఎర్ర మూత. మూత అవతల సముద్రం. కేతనుడు ఆలోచించలేదు. కుప్పగా పడి ఉన్న పాత తెరచాప గుడ్డను రెండు చేతులా ఈడ్చి ఫిరంగి చక్రాల ముందు వేసి, దానితో పాటే తనూ పడ్డాడు. చక్రం గుడ్డను మింగి, మడతల్లో ఇరుక్కుని, పక్కకు తిరిగి ఆగింది. ఫిరంగి మూతి కేతనుడి చెవి పక్కన, మూతకు జానెడు దూరంలో ఉంది.

దాలయ్య వంగి చూశాడు. "బతికున్నావేట్రా?"

"ఉన్నట్టే ఉంది."

"అయితే లెగు, తాడు కట్టాల." దాలయ్యకు తను గదమాయించేది యువరాజునని తెలిస్తే అక్కడికక్కడే మూర్ఛపోయేవాడు.

ఓడ మొగవైపు తిరగడం చూసి నల్ల ఓడల మీద డప్పులు మోగాయి. అప్పటిదాకా తాపీగా ఆడిన తెడ్లు ఒక్కసారి వేగం అందుకున్నాయి. మునిగిపోతుందనుకున్న వేట చేజారుతోందని ధూమజటుడికి అర్థమైంది.

ఎదురుగా మొగ. నీలం నీళ్లు పోయి ఎర్రటి నీళ్లు వచ్చాయి. ముక్కు దగ్గర నిలబడ్డవాడు సీసపు గుండు కట్టిన తాడు నీళ్లలోకి వేసి లోతు చెబుతున్నాడు. అతను చెప్పే ప్రతి లోతూ ముందుదానికన్నా తక్కువే. ఎడమపక్క మూతలు నీళ్లలోకి దిగాయి, నార కూరిన అంచుల నుంచి సన్నటి ధారలు లోపలికి చిమ్ముతున్నాయి. కళాసీలు వాటికి వీపులు ఆనించి కూర్చున్నారు. వీపుకూ సముద్రానికీ మధ్య రెండంగుళాల చెక్క.

అడుగున సర్రుమని ఇసుక రాసుకుంది. ఓడ వేగం తగ్గింది. ఇంకా తగ్గింది. ఆగింది.

వెనక డప్పులు దగ్గరపడుతున్నాయి. కేతనుడు వెనక్కి తిరిగి సముద్రం కేసి చూశాడు. పోటు చివరి కెరటాలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. వాటిలో ఒకటి మిగతావాటికన్నా ఎత్తుగా, తాపీగా వస్తోంది. బోర్లా పడేస్తుందని కుంభీరవర్మ భయపడ్డ కెరటం అదే.

"పెద్ద చాప కూడా విప్పండి," అన్నాడు కేతనుడు. కళాసి ఆజ్ఞ వేయకూడదన్న సంగతి మరిచిపోయాడు. ఆ గొంతులో ఏం వినిపించిందో గాని, కళాసీలు నాయకుడి ముఖం చూడకుండానే తాళ్లు వదిలారు. చాప ఫెళ్లున విచ్చుకుంది. అదే సమయానికి కెరటం ఓడ కిందికి వచ్చి పైకి ఎత్తింది. మహాశరభం ఇంకా ఒరిగింది. పక్క అంచు నీళ్లు తాగింది. కొయ్య కొస కెరటాన్ని తాకింది. ఎక్కడో ఒక మూత అడ్డకర్ర ఫట్టుమంది, పదిమంది దాని మీద పడి భుజాలతో అదిమారు. అడుగుదూలం ఇసుకను దున్నుకుంటూ, మేట మీదుగా ఈడ్చుకుంటూ, మెల్లగా అవతల లోతులోకి జారింది.

మంచినీళ్లు.

కళాసీలు ఒకరినొకరు కావలించుకున్నారు. దాలయ్య ఏటినీళ్లు దోసిట పట్టి తాగి, తీపి తీపి అంటూ ఏడ్చాడు. ఓడ అడుగున కరకర శబ్దం నెమ్మదించి, నిలిచిపోయింది. సంతోషంగా కిందికి దిగిన సింగోజు మాత్రం దిగిన వేగంతోనే పైకి వచ్చాడు.

"బాబూ, పురుగులు చచ్చి రాలిపోతన్నాయి," అన్నాడు.

"మంచిదే కదా."

"ఇందాకా వాటి కంతల్ని అవే మూసుకుని కూకున్నాయి. ఇప్పుడు రాలిపోయిన సోటల్లా నీరే. జల్లెడయిపోనాది ఓడ. ఏడాదికోసారి ఏట్లోకి ఎక్కించినప్పుడు ముందే బురద మీద కూకోబెడతాం గదా, ఈ మాట నాకు తట్టనే లేదు." ముసలాయన నుదురు కొట్టుకున్నాడు.

కేతనుడు ఆయన చేయి పట్టి ఆపాడు. కిందికి చూస్తే తోడే మనుషులు నడుముల్లోతు నీళ్లలో ఉన్నారు. వెనక నల్ల ఓడలు మొగలోకి ప్రవేశిస్తున్నాయి. వాటికి లోతుతో పని లేదు, మేట మీద జాలరి పడవల్లాగే తేలిపోతాయి. ఓడ మునిగేది ఎలాగూ తప్పదు. ఎక్కడ మునగాలన్నదే ఇప్పుడు తమ చేతిలో ఉంది.

"కుడిగట్టు బురదలోకి పోనివ్వండి," అన్నాడు. "ఏటికి ఎడమపక్క తిరిగి ఉండాలి."

కుంభీరవర్మ అదిరిపడ్డాడు. "అప్పుడు ఓడ గట్టు మీదికి కాదు, ఏటి మీదికి ఒరిగుంటాది. బురద పట్టు తప్పిందంటే ఏట్లోకి పొర్లిపోతాం."

"ఫిరంగులన్నీ ఎడమపక్కనే ఉన్నాయి. ఆ పక్క గట్టును చూస్తూ ఉంటే మనం కొట్టేది కొబ్బరిచెట్లనే."

నాయకుడికి అప్పుడు అర్థమైంది. ఆయనే స్వయంగా చుక్కాని పట్టాడు. మహాశరభం నీళ్లు తాగి బరువెక్కిన శరీరంతో గట్టువైపు ఈడ్చుకుంటూ పోయి, రెల్లుదుబ్బులు విరుచుకుంటూ బురదలో దిగబడి, పెద్ద నిట్టూర్పుతో ఆగింది. మందు బస్తాలను ముందే భుజాల మీద పైకి చేరవేశారు. ఎడమపక్క మూతలు మాత్రం ఇంకా నీళ్ల కిందే ఉన్నాయి. మూత తెరిస్తే ఫిరంగి కాదు, ఏరు లోపలికి వస్తుంది.

"ఆటు మొదలైపోనాది," అన్నాడు సింగోజు ఏటి అంచు చూస్తూ. "నీరు తీసింది. సూడండి, రెల్లు కాడ మీద తడి."

ఇప్పుడు చేయగలిగింది ఒకటే, కదలకుండా ఉండడం. అందరూ వాలు మీద, ఫిరంగుల వెనక, నీళ్లలో బోర్లా పడుకున్నారు. పైన తెరచాపలు చిరిగి వేలాడుతున్నాయి. బయటి నుంచి చూసినవాడికి అది చచ్చిన ఓడ. కేతనుడు ఒక మూత పైన పలక సందులో కన్ను పెట్టాడు. మూత పైఅంచు నీళ్లలోంచి బయటపడింది. వేలెడు. మరి రెండు వేళ్లు. నల్ల ఓడలు అంతకన్నా వేగంగా వస్తున్నాయి.

ముందు ఓడ కొయ్యకు ఎవరినో కట్టి నిలబెట్టారు. తెల్లటి జుట్టు, చిరిగిన పట్టుబట్ట. పొగదీవి కోటలో ఉన్నారనుకున్న మహారాజు ధర్మకేతువు అక్కడ ఉన్నారు. పక్కన ఎర్రటి నిప్పుతాడు పట్టుకుని సిద్ధంగా ఉన్న దాలయ్య కూడా ఆయన్ని చూశాడు. అతని చేయి కిందికి వాలిపోయింది.

రాజు పక్కన ధూమజటుడు నిలబడి ఉన్నాడు. వాడి జడల్లోంచి పొగ సుడులు తిరుగుతోంది. "మహాశరభం మీద ప్రాణమున్న వాళ్లెవరైనా ఉంటే వినండి," అన్నాడు తాపీగా. "యువరాజు మీలో ఉన్నాడని నాకు తెలుసు. బంగారం తీసేసి దాక్కున్నంత మాత్రాన తండ్రి ప్రేమను కూడా తీసేయలేడు కదా. బయటికి రమ్మనండి. మిగతావాళ్లను వదిలేస్తాను."

ఎవరూ కదల్లేదు. ముందున్న నల్ల ఓడ తెడ్లు ఆపి, దూరాన నిలిచింది, మిగతా రెండూ దాని వెనకే ఆగాయి. ఆ దూరంలో నిలిస్తే దాని అడుగు గురికి అందదు. మహాశరభం ఏటివైపు ఒరిగి ఉండడం వల్ల ఫిరంగి మూతులన్నీ నీళ్లలోకి చూస్తున్నాయి. నల్ల ఓడ తమ పక్కకు వస్తే తప్ప ఏ గుండూ తగలదు.

అప్పుడు మహారాజు తల ఎత్తారు. యౌవనంలో ఆయనా సముద్రం మీద తిరిగినవాడే. ఒరిగిన ఓడను, బిగించి ఉన్న మూతలను, వాటి అంచుల్లో కొత్తగా కూరిన నారను ఒక్కొక్కటిగా చూశారు. చచ్చిన ఓడకు ఎవరూ నార కూరరు. ఆయన ముఖంలో ఏ మార్పూ రాలేదు.

"ధూమజటా," అన్నారు నీరసంగా. "ఓడ పని అయిపోయింది. లోపల శవాలే ఉంటాయి. నా కొడుకు ముఖం ఒక్కసారి చూసుకోనీ. ఇంకాస్త దగ్గరికి పోనివ్వు."

మాంత్రికుడు నవ్వాడు. ముసలివాడి ఏడుపు చూడడం వాడికి ఇష్టం. చేయి ఊపగానే తెడ్లు కదిలాయి.

తండ్రి తనతోనే మాట్లాడారని కేతనుడికి తెలిసింది. కొడుకు కాల్చాలని, తండ్రిని చూసి ఆగకూడదని చెబుతున్నారు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. నల్ల ఓడ మెల్లగా వచ్చి మహాశరభం పక్కకు చేరుతోంది. ఎర్ర మూతల కింది అంచులు నీళ్లలోంచి బయటపడ్డాయి. కళాసీలు చప్పుడు చేయకుండా వాటి అడ్డకర్రలు ఊడదీశారు.

కేతనుడు దాలయ్య చెవిలో అన్నాడు, "పైన కొట్టొద్దు. గురి ఎత్తొద్దు. ఉన్నచోటే, నీళ్ల కింద, వాళ్ల ఓడ అడుగు మీద కొట్టు."

"బాబూ, రాజుగారు కొయ్యకి కట్టున్నారు. ఓడతో పాటే దిగిపోతారు." దాలయ్యకు ఇతను ఎవరో ఆ ముఖం చూడగానే అర్థమైపోయింది.

"ఆయన దిగేచోట నేనుంటాను. తాతా, నీ ఉలి ఇలా ఇవ్వు. దాలయ్యా, నేను నీళ్లలో మునిగాక నా కోసం ఆగొద్దు. వాళ్ల తెడ్డు మన పలకకు తగలగానే కాల్చు."

కుడిపక్క వాలు మీదుగా పైకి పాకి, గట్టువైపు జారి, రెల్లు చాటున నీళ్లలోకి దిగి, కేతనుడు ఓడ ముక్కు చుట్టూ మునిగి ఈదాడు. ఏటినీరు బురదగా, చల్లగా ఉంది. తల మీద నల్ల ఓడ అడుగు నీడలాగా కదిలి వచ్చింది. తెడ్డు ఒకటి పలకకు తగిలిన చప్పుడు నీళ్లలో స్పష్టంగా వినిపించింది. వెంటనే మూతలన్నీ ఒక్కసారి లేచాయి.

ఫిరంగుల మోత అతని చెవులకు కాదు, రొమ్ముకు తగిలింది. నీళ్లు ఎర్రబడ్డాయి. తల మీది నల్లటి అడుగు పగిలి, చెక్కలూ, గొలుసులూ, మనుషులూ, జడల్లోంచి బుడగలు కక్కుతున్న ఒక ఆకారమూ కిందికి రాలడం మొదలుపెట్టాయి. ఆ శిథిలాల మధ్య నుంచి నిలువుగా ఒక కొయ్య దిగుతోంది. దానికి కట్టిన తండ్రి పాదాలు తనవైపు వస్తుంటే, కేతనుడు ఉలిని పళ్లతో కరిచి వాటికి ఎదురు ఈదాడు.